ఒపీనియన్: ఏఐ ఏజెంట్ చేతికి టూల్ ఇచ్చే ముందు దాని మీద లేబుల్ సరిగ్గా రాయండి

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి ఏదైనా ఒక యాప్ స్టోరేజ్ పేజీ ఓపెన్ చేయండి. పక్కపక్కనే రెండు ఆప్షన్లు కనిపిస్తాయి. ఒకటి క్లియర్ క్యాష్, ఇంకోటి క్లియర్ స్టోరేజ్. కొన్ని ఫోన్లలో రెండోదాన్ని క్లియర్ డేటా అంటారు. మొదటిది నొక్కితే టెంపరరీ ఫైల్స్ పోతాయి, యాప్ మామూలుగానే పనిచేస్తుంది. రెండోది నొక్కితే లాగిన్, సెట్టింగ్స్, యాప్ లోపల దాచుకున్నవి అన్నీ పోతాయి. స్పేస్ కోసమని తప్పు బటన్ నొక్కి, తర్వాత తల పట్టుకున్నవాళ్లు మన ఇళ్లలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. అయినా మనకి కనీసం "డేటా మొత్తం డిలీట్ అవుతుంది, ఓకేనా?" అని ఒక బాక్స్ వస్తుంది. చదివి వెనక్కి తగ్గొచ్చు.

ఇప్పుడు ఆ బటన్ మన తరఫున ఒక ఏఐ ఏజెంట్ నొక్కుతోంది అనుకోండి. చాలాసార్లు దానికి స్క్రీన్ ఉండదు, వార్నింగ్ బాక్స్ ఉండదు. ఆ బటన్ పేరు, దాని గురించి డెవలపర్ రాసిన ఒకటి రెండు లైన్లు, అంతే. ఆ లైన్లలో ఏముందో దాన్ని బట్టే అది నిర్ణయం తీసుకుంటుంది.

ఏఐ ఏజెంట్లు తప్పు చేసిన ప్రతిసారీ మనం మోడల్‌ని తిడుతున్నాం. నా అభిప్రాయం ఏంటంటే, అందులో కొన్ని తిట్లు మనకి, అంటే టూల్స్ రాసే డెవలపర్లకి రావాలి. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. ఆ తిట్లు నేను తిన్నాను.

ఆ రాత్రి ఏం జరిగిందంటే

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా ఫ్లోర్‌లో ఒక చిన్న డివైస్ ల్యాబ్ ఉంది. ఒక ర్యాక్‌లో 14 ఫోన్లు, ప్రతిదానికీ ఒక నంబర్ స్టిక్కర్, ఒక యూఎస్‌బీ కేబుల్. యాప్స్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వాటి మీద టెస్ట్ చేస్తారు. టెస్టింగ్ టీమ్ ప్రతి చిన్న పనికీ కమాండ్లు టైప్ చేయాల్సిన అవసరం లేకుండా, చాట్‌లో చెబితే పని చేసిపెట్టే ఒక ఏజెంట్ పెట్టాం. దానికి కావాల్సిన టూల్స్ రాసింది నేనే. మొత్తం 9 టూల్స్.

అందులో ఒకదాని పేరు క్లీన్ డివైస్. డిస్క్రిప్షన్‌లో నేను రాసింది ఒకటే లైన్: "డివైస్‌ని క్లీన్ చేస్తుంది." అవి బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన టెస్ట్ ఫోన్లు. నా స్క్రిప్ట్ ఫోన్‌ని ఫాస్ట్‌బూట్‌లోకి తీసుకెళ్లి యూజర్ డేటా మొత్తం తుడిచేస్తుంది. అంటే ఫ్యాక్టరీ రీసెట్ అన్నమాట. కొత్త టెస్ట్ మొదలుపెట్టే ముందు వాడటానికి రాసిన టూల్ అది. మా టీమ్‌లో "క్లీన్" అంటే ఏంటో అందరికీ తెలుసు. అందుకే రాయలేదు.

ఒక రాత్రి నైట్ షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు ఏజెంట్‌కి ఇలా టైప్ చేశాడు: "7వ నంబర్ ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయింది. క్లీన్ చేసి టెస్ట్ మళ్లీ రన్ చెయ్యి." అతను అడిగింది టెంపరరీ ఫైల్స్ తీసేయమని. ఏజెంట్ తన దగ్గరున్న టూల్స్ చూసింది. క్లీన్ అనే పేరుతో ఒకటి కనబడింది. రన్ చేసింది. 7వ నంబర్ ఫోన్ ఖాళీ అయిపోయింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఫ్యాక్టరీ రీసెట్ అయ్యాక ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ అయిపోతుంది కదా, ఆ ఫోన్ మళ్లీ కనెక్ట్ కాలేదు. అప్పుడు నా టూల్ ఒక ఎర్రర్ మెసేజ్ పంపింది. అది కూడా నేను రాసిందే: "డివైస్ దొరకలేదు. వేరే డివైస్‌తో ప్రయత్నించండి." రాసేటప్పుడు నేను ఊహించుకున్నది కీబోర్డ్ ముందు కూర్చున్న మనిషిని. చదివింది ఏజెంట్. అది చెప్పిన మాట విని 8వ నంబర్ ఫోన్ తీసుకుంది. దాన్ని కూడా క్లీన్ చేసేసింది.

ఆ రెండు ఫోన్లలో మా టెస్టింగ్ టీమ్ అక్క పెట్టిన స్టాండ్‌బై బ్యాటరీ టెస్ట్ నడుస్తోంది. ఒకే మోడల్, ఒకదాంట్లో పాత సాఫ్ట్‌వేర్, ఇంకోదాంట్లో కొత్త అప్‌డేట్. ఏది ఎంత ఛార్జ్ తింటోందో రోజూ లాగ్ అవుతోంది. ఆ లాగ్స్ టెస్ట్ అయ్యేవరకు ఫోన్‌లోనే ఉంటాయి, చివర్లో ఒకేసారి అప్‌లోడ్ చేస్తారు. అప్పటికి 11 రోజులు అయింది. రెండు ఫోన్లు, 22 రోజుల డేటా, ఒక్క రాత్రిలో పోయింది.

పొద్దున్న మీటింగ్‌లో అందరూ అన్న మాట ఒకటే: "ఏఐని నమ్మితే ఇంతే." నేను కూడా తలూపాను. నిజం చెప్పాలంటే కొంచెం ఊపిరి పీల్చుకున్నాను కూడా, నా పేరు రాలేదని. అక్క మాత్రం మీటింగ్ అయ్యాక నా డెస్క్ దగ్గరికి వచ్చి, టూల్ డిస్క్రిప్షన్ చూపించమంది. చూసింది. "ఇది చదివితే నేనైనా అదే నొక్కేదాన్ని కదరా తమ్ముడూ" అంది. గట్టిగా అరిచినా అంత తగిలేది కాదు.

ఏజెంట్‌కి కనబడేది ఎంత?

ఈ సంగతి అర్థం కావాలంటే ఏజెంట్ టూల్‌ని ఎలా వాడుతుందో కొంచెం తెలియాలి. 2023 జూన్‌లో ఓపెన్ఏఐ తన ఏపీఐలో ఫంక్షన్ కాలింగ్ తెచ్చింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అంటే ఎంసీపీ అనే ఓపెన్ స్టాండర్డ్ విడుదల చేసింది. వివరాల్లో తేడాలున్నా లోపల జరిగేది దాదాపు ఒకటే. డెవలపర్ ఒక్కో టూల్‌కి మూడు విషయాలు ఇస్తాడు. ఒకటి పేరు. రెండు, అది ఏం చేస్తుందో చెప్పే డిస్క్రిప్షన్. మూడు, ఏ ఇన్‌పుట్ ఇవ్వాలో చెప్పే స్కీమా. మోడల్ వీటిని చదివి, యూజర్ అడిగినదానికి ఏది సరిపోతుందో ఎంచుకుని, ఇన్‌పుట్స్ నింపి పంపుతుంది. అసలు కోడ్ రన్ చేసేది మోడల్ కాదు, బయట ఉన్న ప్రోగ్రామ్. రిజల్ట్ మళ్లీ టెక్స్ట్‌గా మోడల్‌కి వస్తుంది. అది చదివి తర్వాత ఏం చేయాలో నిర్ణయిస్తుంది.

గమనించారా? మామూలుగా టూల్ లోపలి కోడ్ మోడల్‌కి కనబడదు. నా స్క్రిప్ట్‌లో ఫాస్ట్‌బూట్ కమాండ్ ఉందని దానికి తెలిసే దారే లేదు. కనబడింది పేరు, ఒక లైను, ఒక నంబర్ అడిగే ఇన్‌పుట్. ఆ తర్వాత వచ్చిన ఎర్రర్ మెసేజ్. ఈ నాలుగూ నేను రాసినవే.

ఇదివరకు డాక్యుమెంటేషన్ అంటే కోడ్ పక్కన ఉండే కాగితం. ఎవరూ చదవకపోయినా కోడ్ నడిచేది. ఇప్పుడు డిస్క్రిప్షన్‌లో ఒక పదం మారితే ఏజెంట్ వేరే టూల్ ఎంచుకుంటుంది. అంటే అది కూడా ప్రోగ్రామ్‌లో భాగమే అయిపోయింది. కానీ మనం మాత్రం ఇంకా "రిలీజ్ అయ్యాక రాద్దాంలే" బ్యాచ్‌లోనే ఉన్నాం.

మనిషైతే అడుగుతాడు

నా తప్పు ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదో తర్వాత ఆలోచించాను. మా టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ మొదటి వారంలో నన్ను అడిగేవాళ్లు, "అన్నా, ఈ క్లీన్ అంటే ఏంటి, అంతా పోతుందా?" అని. నేను చెప్పేవాణ్ని, "అవును, చూసుకుని వాడు" అని. కాఫీ మెషిన్ దగ్గర, లిఫ్ట్‌లో, ఎక్కడో ఒకచోట ఆ మాట చేరిపోయేది. మా డాక్యుమెంటేషన్ అంతా నోటిమాట మీదే నడిచింది. మన ఆఫీసుల్లో చాలాచోట్ల ఇంతే.

ఏజెంట్ లిఫ్ట్‌లో మనతో రాదు. పేరు చూసి అనుమానం వస్తే అడిగే మోడల్స్ ఉన్నాయి, కానీ అనుమానం రావాలంటే అనుమానించడానికి ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. "డివైస్‌ని క్లీన్ చేస్తుంది" అనే లైన్లో భయపడాల్సింది ఏముంది?

"రేపు ఇంకా తెలివైన మోడల్ వస్తుంది, అప్పుడు ఈ గొడవే ఉండదు" అని మా టీమ్‌లో ఒకడు అన్నాడు. తెలివికీ సమాచారానికీ తేడా ఉంది. ఊరికి కొత్తగా వచ్చినవాడు ఎంత తెలివైనవాడైనా, బోర్డు లేని బస్సు ఎక్కడికి వెళ్తుందో ఊహించి మాత్రమే ఎక్కగలడు. ఊహ ఎక్కువసార్లు కరెక్ట్ కావచ్చు. కానీ తుడిచేసే పనుల్లో ఒక్కసారి తప్పయితే చాలు.

మరి లేబుల్‌లో ఏముండాలి?

ఆ తర్వాత ఒక శనివారం కూర్చుని 9 టూల్స్‌కీ డిస్క్రిప్షన్లు మళ్లీ రాశాను. క్లీన్ డివైస్‌కి పట్టింది 20 నిమిషాలు. ముందు పేరు మార్చి ఫ్యాక్టరీ రీసెట్ డివైస్ అని పెట్టాను. తర్వాత ఇలా రాశాను:

"ఫోన్‌లో యూజర్ డేటా మొత్తం శాశ్వతంగా తుడిచేస్తుంది. తిరిగి తేలేం. కొత్త టెస్ట్ మొదలుపెట్టే ముందు మాత్రమే వాడాలి. స్టోరేజ్ ఖాళీ చేయడానికి దీన్ని వాడకూడదు, దానికి ట్రిమ్ క్యాష్ టూల్ వాడాలి. ఫోన్‌లో అప్‌లోడ్ కాని లాగ్స్ ఉంటే ఈ టూల్ పని ఆపేసి ఆ విషయం చెబుతుంది. రీసెట్ తర్వాత యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ అవుతుంది, ల్యాబ్‌లో ఎవరైనా చేత్తో ఆన్ చేసేవరకు ఫోన్ కనెక్ట్ కాదు."

ఎర్రర్ మెసేజ్ కూడా మారింది: "7వ నంబర్ ఫోన్ కనెక్ట్ కాలేదు. ఇప్పుడే రీసెట్ అయి ఉండొచ్చు. వేరే ఫోన్ మీద ఈ టూల్ రన్ చేయొద్దు. ఇక్కడితో ఆగి యూజర్‌కి చెప్పు."

ఈ పని చేస్తుంటే నాకు అర్థమైన విషయాలు ఇవి.

ఎప్పుడు వాడాలో రాస్తే సరిపోదు, ఎప్పుడు వాడకూడదో కూడా రాయాలి. ముఖ్యంగా దగ్గరి పోలికలున్న టూల్స్ రెండు ఉంటే, ఒకదాంట్లో ఇంకోదాని పేరు చెప్పాలి. ఆండ్రాయిడ్‌లోనే చూడండి, ఏడీబీలో పీఎం క్లియర్ అనే కమాండ్ ఒక యాప్ డేటా మొత్తం తీసేస్తుంది. పీఎం ట్రిమ్ క్యాషెస్ మాత్రం కావాల్సినంత స్పేస్ వచ్చేవరకు క్యాష్ ఫైల్స్ తగ్గిస్తుంది. "స్టోరేజ్ ఖాళీ చెయ్యి" అనే మాటకి రెండూ సరిపోయేలా కనిపిస్తాయి. ఫలితం మాత్రం పూర్తిగా వేరు.

ఇన్‌పుట్‌కి యూనిట్ రాయాలి. రేజర్‌పే ఏపీఐలో అమౌంట్ పైసల్లో ఇవ్వాలి. 500 రూపాయలు అంటే 50000 అని పంపాలి. వాళ్ల డాక్యుమెంట్లలో ఇది స్పష్టంగానే ఉంటుంది. కానీ మనం దాని మీద ఒక సొంత టూల్ కట్టి, ఇన్‌పుట్ పేరు ఉత్త "అమౌంట్" అని పెడితే ఆ సమాచారం అక్కడితో ఆగిపోతుంది. ఏజెంట్ 500 పంపితే వెళ్లేది 5 రూపాయలు. "అమౌంట్ ఇన్ పైసే" అని పేరు పెడితే సగం సమస్య పేరుతోనే పోతుంది. టైమ్ కూడా అంతే. యూనిక్స్ టైమ్ సెకన్లలో ఉంటుంది, జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లలో లెక్కపెడుతుంది. మిల్లీసెకన్లు ఇవ్వాల్సిన చోట సెకన్లు ఇస్తే ఈ రోజు తేదీ కాస్తా 1970 జనవరి అయిపోతుంది. 05-06 అని ఇస్తే అది జూన్ 5వ తేదీనా, మే 6వ తేదీనా? ఒక ఉదాహరణ రాస్తే ఈ అనుమానమే రాదు.

తిరిగి తేగలమా లేదా అనేది మొదట్లోనే చెప్పాలి. ఎంసీపీలో దీనికి ప్రత్యేకంగా గుర్తులు ఉన్నాయి. ఈ టూల్ చదవడానికి మాత్రమేనా, ఉన్నదాన్ని చెడగొట్టే ప్రమాదం ఉందా, రెండుసార్లు రన్ చేస్తే తేడా వస్తుందా అని విడివిడిగా చెప్పొచ్చు. డెవలపర్ ఏమీ చెప్పకపోతే ఆ టూల్ చెడగొట్టగలదనే అనుకోవాలని స్టాండర్డ్‌లోనే ఉంది. బాగా ఆలోచించి పెట్టారనిపించింది. నేను వాటిలో ఒక్కటీ నింపలేదు, మా ఏజెంట్ కూడా వాటిని చూసేలా పెట్టలేదు.

ఎర్రర్ మెసేజ్ అంటే ఆర్డర్. ఈ పాఠం నాకు 8వ నంబర్ ఫోన్ నేర్పింది. "వేరేదాంతో ప్రయత్నించండి" అన్నది మనిషికి సలహా, ఏజెంట్‌కి ఆదేశం. ఎర్రర్‌లో ఏం తప్పు జరిగింది, ఇప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు అని మూడూ ఉండాలి.

వెర్షన్ మారితే లేబుల్ మారాలి. పైథాన్‌లో పాండాస్ వాడేవాళ్లకి ఇది తెలుసు. డేటాఫ్రేమ్‌కి ఉన్న అపెండ్ మెథడ్‌ని 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌లో తీసేశారు. ఇంటర్నెట్‌లో పాత ట్యుటోరియల్స్ మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని చదివి నేర్చుకున్న మోడల్ పాత పద్ధతిలోనే కోడ్ రాసే అవకాశం ఉంటుంది. మీ టూల్‌లో ఏదైనా తీసేస్తే "ఇది ఇప్పుడు లేదు, బదులుగా ఇది వాడండి" అని ఒక్క లైన్ పెట్టండి. పాత సంగతిని మౌనంగా తీసేయడం కంటే అది చాలా మేలు.

అలాగని పేజీలకి పేజీలు రాయమని కాదు

ఇక్కడ ఇంకో తప్పు కూడా చేశాను. మొదటిసారి ఉత్సాహంలో ఒక్కో టూల్‌కి రెండు పేజీలు రాసేశాను. అప్పుడు ఏజెంట్ స్లో అయింది, ఖర్చు పెరిగింది. మామూలు సెటప్‌లో టూల్స్ డిస్క్రిప్షన్లన్నీ ప్రతి సంభాషణలోనూ మోడల్ కాంటెక్స్ట్‌లోకి వెళ్తాయి. యూజర్ "హాయ్" అన్నా సరే అవన్నీ లోపల ఉంటాయి. ఆ టోకెన్లకి డబ్బులు కడతాం. పైగా అంత టెక్స్ట్‌లో అసలు ముఖ్యమైన లైన్ ఎక్కడో మునిగిపోతుంది.

అందుకే ఇప్పుడు నా లెక్క ఇది: ఎంచుకునే ముందు తెలియాల్సినది డిస్క్రిప్షన్‌లో, తప్పు జరిగాక తెలియాల్సినది ఎర్రర్ మెసేజ్‌లో, మిగతాదంతా విడిగా ఒక డాక్యుమెంట్‌లో. అవసరమైతే ఏజెంట్ దాన్ని తెరిచి చదువుకుంటుంది. టూల్స్ సంఖ్య కూడా తగ్గించాను. దాదాపు ఒకే పని చేసే రెండింటిని కలిపేశాను. 9 కాస్తా 8 అయ్యాయి.

రాసినది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద సెటప్ అక్కర్లేదు. వేరే టీమ్‌లో ఉన్న ఫ్రెండ్‌ని పిలిచి, కోడ్ చూపించకుండా టూల్ పేర్లు, డిస్క్రిప్షన్లు మాత్రమే ఇచ్చాను. నైట్ షిఫ్ట్‌లో మామూలుగా వచ్చే రిక్వెస్టులు 10 చదివి, ఏ టూల్ వాడతావ్ అని అడిగాను. వాడు ఎక్కడెక్కడ ఆగి ఆలోచించాడో అక్కడ టిక్కు పెట్టుకున్నాను. నాలుగు టూల్స్ దగ్గర ఆగాడు. అవే 10 రిక్వెస్టులు ఒక డమ్మీ ఫోన్ మీద ఏజెంట్‌కి ఇస్తే, ఆ నాలుగింటిలో మూడు చోట్ల అది కూడా తడబడింది.

"అంత కష్టం ఎందుకు, డిస్క్రిప్షన్ కూడా ఏఐతోనే రాయిస్తే పోలా?" అనొచ్చు. రాయించి చూశాను. కోడ్ చదివి, ఇది యూజర్ డేటా తుడిచేస్తుందని చక్కగా రాసింది. నా ఒక్క లైన్ కంటే వంద రెట్లు నయం. కానీ లాగ్స్ చివరి రోజు వరకు ఫోన్‌లోనే ఉంటాయి అనే విషయం దానికి ఎలా తెలుస్తుంది? అది ఏ కోడ్‌లోనూ లేదు. అక్క తలలో ఉంది. డ్రాఫ్ట్ ఏఐతో రాయించుకోండి, తప్పులేదు. కానీ ఆ టూల్ వల్ల ఎవరి పని పాడవుతుందో వాళ్లని అడగకుండా పబ్లిష్ చేయకండి.

బోర్డు వేరు, తాళం వేరు

ఇంత చెప్పాక ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. మంచి లేబుల్ ఒక్కటే కాపాడదు. 2025 జులైలో రెప్లిట్ కోడింగ్ ఏజెంట్ సాస్టర్ వ్యవస్థాపకుడు జేసన్ లెమ్కిన్ ప్రాజెక్టులో ప్రొడక్షన్ డేటాబేస్‌ని డిలీట్ చేసేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మార్పులేమీ చేయొద్దని ఆయన ముందే చెప్పినా అది జరిగింది. తర్వాత రెప్లిట్ సీఈఓ అమ్జాద్ మసాద్ క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్ డేటాబేస్, ప్రొడక్షన్ డేటాబేస్ వాటంతటవే వేరుగా ఉండేలా మార్పు తెస్తున్నామని ప్రకటించారు. అంటే మాటలతో చెప్పడం చాలలేదు, మధ్యలో గోడ కట్టాల్సి వచ్చింది.

"హై వోల్టేజ్" అని బోర్డు పెట్టాం కదా అని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ కంచె తీసేయం. రెండూ ఉండాలి. మా ల్యాబ్‌లో ఇప్పుడు అప్‌లోడ్ కాని లాగ్స్ ఉన్న ఫోన్‌ని రీసెట్ చేయడానికి టూలే ఒప్పుకోదు. ఒకవేళ తప్పనిసరి అయితే ఒక మనిషి వచ్చి ఓకే నొక్కాలి. డిస్క్రిప్షన్ ఎంత బాగా రాసినా ఆ చెక్ కోడ్‌లో ఉండాల్సిందే.

ఇంకో కోణం కూడా ఉంది. డిస్క్రిప్షన్‌ని ఏజెంట్ నమ్ముతుంది కాబట్టే, దుర్బుద్ధి ఉన్నవాళ్లు అందులో రహస్యంగా ఆదేశాలు దాచగలరు. దీన్ని టూల్ పాయిజనింగ్ అంటున్నారు. అందుకే ఎక్కడినుంచో తెచ్చుకున్న టూల్ తన గురించి తను చెప్పుకునే గుర్తుల్ని గుడ్డిగా నమ్మొద్దని ఎంసీపీ స్టాండర్డ్ కూడా చెబుతోంది. కాబట్టి బయటి ఎంసీపీ సర్వర్ ఏదైనా ఇన్‌స్టాల్ చేసుకునే ముందు దాని డిస్క్రిప్షన్లు ఒకసారి పూర్తిగా చదవండి. యాప్ పర్మిషన్లు చూసినట్టే.

ఇది మన ఫోన్లలోకి వచ్చేసింది

"ఇదంతా డెవలపర్ల గొడవ, నాకెందుకు?" అనుకునేవాళ్లకి చివరగా ఒక మాట. ఆపిల్ 2022లో ఐఓఎస్ 16తో యాప్ ఇంటెంట్స్ తెచ్చింది. యాప్ లోపలి పనుల్ని సిరి, షార్ట్‌కట్స్ లాంటివి పిలిచేలా డెవలపర్లు పేరు, వివరణ రాసి ఇస్తారు. గూగుల్ ఆండ్రాయిడ్ 16తో యాప్ ఫంక్షన్స్ తెచ్చింది. ఫంక్షన్ పైన డెవలపర్ రాసుకునే కామెంట్‌నే ఏజెంట్ చదివే డిస్క్రిప్షన్‌గా వాడే వీలు కూడా అందులో ఉంది. అంటే మీ ఫోన్‌లో ఉన్న గ్యాలరీ, నోట్స్, పేమెంట్ యాప్ ఏదైనా కావచ్చు, ఎవరో డెవలపర్ సాయంత్రం ఏడింటికి ఇంటికి వెళ్లే తొందరలో రాసిన ఒక్క లైన్ మీద మీ ఫొటోలు ఆధారపడే రోజు దగ్గర్లోనే ఉంది.

మన తెలుగువాళ్లకి ఇంకో చిక్కు కూడా. డిస్క్రిప్షన్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి, మనం అడిగేది తెలుగులో, లేదా తెలుగు ఇంగ్లిష్ కలిపి. "మొన్నటి ఫొటోలు తీసెయ్" అని అమ్మ ఫోన్‌తో అంటే, మొన్న అంటే సరిగ్గా రెండు రోజుల కిందటా, లేక ఈమధ్య అనా? మన ఇళ్లలో రెండు అర్థాల్లోనూ వాడతాం. తీసెయ్ అంటే డిలీట్ చేయడమా, ఆ ఆల్బమ్‌లోంచి పక్కకి తీయడమా? ఇంట్లో మనకి అర్థమవుతుంది, ఎందుకంటే అమ్మ ఏ ఫొటోల గురించి మాట్లాడుతోందో మనకి తెలుసు. టూల్ డిస్క్రిప్షన్‌లో "తేదీ స్పష్టంగా లేకపోతే యూజర్‌ని అడుగు, ముందు ఫొటోలు చూపించు" అని ఒక్క ముక్క ఉంటే ఏజెంట్ ఆగే అవకాశం ఉంది. లేకపోతే ఊహిస్తుంది.

అందుకే రివ్యూలు చేసేవాళ్లకి నాదొక రిక్వెస్ట్. ఏఐ ఫీచర్ ఎంత ఫాస్ట్‌గా రెస్టారెంట్ బుక్ చేసింది అని మాత్రమే చూపించకండి. ఒక పాత ఫోన్‌లో, పోయినా ఫర్వాలేదనుకున్న డేటా పెట్టి, "స్టోరేజ్ నిండిపోయింది, క్లీన్ చెయ్యి" అని తెలుగులో చెప్పి చూడండి. అది అడుగుతుందా? ఏమేం పోతాయో ముందు లిస్ట్ చూపిస్తుందా? చేశాక వెనక్కి తీసుకురావచ్చా? కెమెరా శాంపిల్స్ ఎంత ముఖ్యమో ఇది కూడా అంతే ముఖ్యం. కొనేవాళ్లు కూడా షాపులో ఇదే అడగాలి.

తోటి డెవలపర్లకి కూడా ఒకటే మాట. ఈ వారం మీరు రాసిన టూల్స్‌లో డిలీట్, అప్‌డేట్, సెండ్, పే లాంటి పని చేసేవి ఏవో తీయండి. ఒక్కోదాని డిస్క్రిప్షన్ కోడ్ చూడకుండా చదవండి. చదివాక మీకే ఏదైనా ప్రశ్న వస్తే, దానికి సమాధానం అక్కడే రాసేయండి.

అక్క ఆ టెస్ట్ మళ్లీ మొదటినుంచి పెట్టింది. కొత్త అప్‌డేట్ విడుదల ఆ మేరకు ఆగింది, ఒక ఆదివారం కూడా తను ఆఫీసుకి రావాల్సి వచ్చింది. ఈసారి 11వ రోజు దాటి చివరి వరకు నడిచింది, లాగ్స్ అప్‌లోడ్ అయ్యాయి. మధ్యలో ఒక రాత్రి మళ్లీ ఎవరో 7వ నంబర్ ఫోన్ క్లీన్ చేయమని ఏజెంట్‌ని అడిగారట. అది ట్రిమ్ క్యాష్ రన్ చేసి, "ఫోన్‌లో అప్‌లోడ్ కాని లాగ్స్ ఉన్నాయి, రీసెట్ చేయలేదు" అని జవాబిచ్చింది. మోడల్ అదే. మారింది నేను రాసిన నాలుగైదు లైన్లు, కోడ్‌లో పెట్టిన ఒక చెక్.